పసుపు చొక్కా, పద్దుల పుస్తకం

(మొన్న ఆదివారం సాయంత్రం విజయవాడలో మన సైకిల్ గ్రూపు మీటింగులో పెద్దాయన మాట్లాడింది ఫోన్లో రికార్డు చేసి టైపు చేశాం. రాలేకపోయినవాళ్ళ కోసం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, పెళ్ళిలో లాగ మొదటి వరస వదిలేసి కూర్చుంటారేంటి మనవాళ్ళు ఎప్పుడూ. రండి రండి.

నన్ను టూర్ డి ఫ్రాన్స్ గురించి, అదే ఫ్రాన్స్‌లో జరిగే ఆ పెద్ద సైకిల్ రేసు గురించి మాట్లాడమన్నారు. నేను రేసర్ని కాదు, కోచ్‌ని కాదు, ఫ్రాన్స్ చూడలేదు. ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో చేశాను, అందులో మొదటి పదేళ్ళూ లెడ్జర్లు రాయడమే. కంప్యూటర్లు లేవు అప్పుడు. సాయంత్రం క్యాషు మూసేశాక పుస్తకం టాలీ అవ్వాలి, రూపాయి తేడా వచ్చినా సరే ఎవరూ ఇంటికెళ్ళకూడదు, ఆ రూపాయి ఎక్కడుందో దొరికేదాకా. అంచేత నాకు తెలిసినవి రెండే రెండు, సైకిల్ తొక్కడం, పద్దులు రాయడం. ఈ రేసు నాకెందుకు పట్టుకుందంటే అది ఈ రెండూ కలిపిన ఆట. ఫ్రెంచి పేర్లు మాత్రం నా నోట్లో ఎలా తిరిగితే అలా పలుకుతాను, తెలిసినవాళ్ళు సర్దుకోండి.

జూలై వస్తే రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్లో టీవీలో సైకిళ్ళే. అక్కడ సాయంత్రం అయిదున్నర, మనకి తొమ్మిది. 2025లో చివరి రోజున మా బావమరిది వచ్చి కూర్చున్నాడు. "ఇవాళ ఎవరు ఫస్టు బావా?" అన్నాడు. వాన్ ఆర్ట్ అని బెల్జియం అతను అన్నాను. "మరి కప్పు ఆ పసుపు చొక్కా అబ్బాయికి ఇస్తున్నారేంటి, అతను వెనకాల కదా వచ్చింది?" అన్నాడు. చూశారా, అసలు ప్రశ్న అదే. ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఈ ఆట సగం తెలిసినట్టే.

21 రోజుల రేసు అది, మధ్యలో రెండు రోజులు సెలవు, మొత్తం 23 రోజులు. రోజూ ఒక ఊళ్ళో బయల్దేరి ఇంకో ఊళ్ళో ఆగుతారు, దాన్ని స్టేజీ అంటారు. ఏ రోజు గెలుపు ఆ రోజుది, వాన్ ఆర్ట్ గెలిచింది అదీ. కానీ పక్కన ఇంకో పుస్తకం నడుస్తూ ఉంటుంది. అందులో ప్రతి మనిషికీ ఒక ఖాతా. ఇవాళ నాలుగు గంటల పది నిమిషాలు, రేపు అయిదు గంటల రెండు నిమిషాలు, ఎల్లుండి ఇంతా, అలా కూడుకుంటూ పోతారు, 21 రోజులూ కూడాక ఎవరి మొత్తం తక్కువ ఉంటే వాడు టూర్ గెలిచినట్టు. పసుపు చొక్కా అంటే ఇవాళ్టికి ఆ పుస్తకంలో మొత్తం తక్కువ ఉన్నవాడు అని. రోజూ గెలిచినవాడు కాదు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే అప్పు తక్కువ ఉన్నవాడు.

2025లో ఆ పసుపు చొక్కా అబ్బాయి, పొగాచర్ అతని పేరు, అతని మొత్తం ఎంతో తెలుసా? 76 గంటల 32 సెకన్లు. రెండో అతను వింగెగార్డ్, డెన్మార్క్ అబ్బాయి, అతనికి 4 నిమిషాల 24 సెకన్లు ఎక్కువ. 76 గంటల్లో నాలుగున్నర నిమిషాలు కూడా లేదు. లెక్క వేస్తే వెయ్యి రూపాయలకి రూపాయి తేడా కూడా కాదు. అయినా సరే అందరూ "అబ్బో చాలా తేడాతో గెలిచాడు" అన్నారు. చాలా తేడానే మరి అది! తక్కువ తేడా అంటే ఏంటో చెప్తాను, కాసేపాగండి.

ఒక్క స్టేజీ గెలవకుండా మొత్తం టూర్ గెలవచ్చా? గెలవచ్చు. 2017లో క్రిస్ ఫ్రూమ్ అలాగే గెలిచాడు, 21 రోజుల్లో ఒక్కరోజు కూడా గీత ముందుగా దాటలేదు. మన స్కూల్లో ఉండేవాడు చూడండి ఒకడు, ఏ సబ్జెక్టులోనూ ఫస్టు రాడు, టోటల్లో మాత్రం వాడే ఫస్టు. మనకి వాణ్ణి చూస్తే మంట. అదే ఇదీ.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముందుకెళ్తాను, ఇది తెలియకపోతే టీవీలో చూస్తే ఏం అర్థం కాదు. గుంపుగా, మధ్యలో ఖాళీ లేకుండా వచ్చారనుకోండి, ముందు వచ్చినవాడికీ ఆ గుంపులో నూరోవాడికీ ఒకటే టైము రాస్తారు. ఎందుకలాగ? లేకపోతే నూట డెబ్భై ఎనభై మందీ అర సెకను కోసం భుజాలు గుద్దుకుని పడిపోతారు కాబట్టి. అలాగే మైదానం స్టేజీల్లో చివరి 3 కిలోమీటర్లలో పడిపోతే, ఈమధ్య కొన్నిటికి 5 దాకా పెంచారు, నువ్వు ఏ గుంపులో ఉండగా పడ్డావో ఆ గుంపు టైమే నీకూ ఇస్తారు. ఆ 3 కిలోమీటర్ల గీత ఇంకా రాకముందే పడ్డావా, ఎన్ని సెకన్లు పోతే అన్నీ నీ ఖాతాలోకే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

అసలు ఈ పుస్తకం ఎవరు మొదలుపెట్టారు? పేపరువాళ్ళు! మనది పత్రికల ఊరు కాబట్టి మీకిది నచ్చుతుంది. 1903. పారిస్‌లో లోటో అని ఒక స్పోర్ట్స్ పేపరు, దానికి పోటీగా ఇంకో పేపరు, మన వాళ్ళది అమ్ముడుపోవట్లేదు. ఎడిటరు ఆన్రీ డెగ్రాంజ్. కుర్ర రిపోర్టరు ఒకడు భోజనం దగ్గర ఐడియా ఇచ్చాడు, దేశం చుట్టూ సైకిల్ రేసు పెడదామండీ, రోజూ ఏమైందో తెలుసుకోవాలంటే జనం మన పేపరే కొనాలి అని. అంటే సీరియల్ అన్నమాట, రేపు ఏమవుతుందో అని ఆపేయడం. ఆ మొదటి ఏడాది స్టేజీలు ఆరే, కానీ మొత్తం 2428 కిలోమీటర్లు, అంటే ఒక్కో స్టేజీ సగటున 400. రాత్రిపూట కూడా తొక్కేవాళ్ళు. 60 మంది బయల్దేరితే 21 మంది చివరిదాకా వచ్చారు. మారిస్ గారిన్ అని చిమ్నీలు శుభ్రం చేసే పని చేసినవాడు, అతను గెలిచాడు, రెండో అతనికి దాదాపు మూడు గంటల తేడా. పేపరు అమ్మకాలు రెట్టింపు దాటిపోయాయి.

రెండో ఏడాదికే దొంగ లెక్కలు! 1904లో కార్లు పట్టుకుని పోయారని, రైలెక్కారని, రోడ్డు మీద మేకులు జల్లారని, మా ఊరివాడు గెలవాలని వేరేవాళ్ళని దారి కాసి కొట్టారని, ఒకటా రెండా. రేసయ్యాక నాలుగు నెలలకి విచారణ చేసి మొదటి నలుగురినీ కొట్టేశారు, గారిన్‌తో సహా. అయిదోవాడు, ఆన్రీ కోర్నే, పందొమ్మిదేళ్ళ కుర్రాడు, అతనికి వచ్చింది టూర్. ఇప్పటికీ అతనే అందరికన్నా చిన్న విజేత. ఆ దెబ్బకి డెగ్రాంజ్‌కి టైము లెక్కల మీదే నమ్మకం పోయి, 1905 నుంచి 1912 దాకా పాయింట్లతో నడిపాడు. ఎన్నో స్థానంలో వచ్చావన్నదే లెక్క, ఎంత తేడా అన్నది కాదు. ఏమైందీ? చప్పబడిపోయింది. సెకను వెనకైనా గంట వెనకైనా ఒకటే అయితే ఎవడు తొక్కుతాడండీ. 1913లో మళ్ళీ టైముకే వచ్చారు.

ఆ 1913లోనే క్రిస్టోఫ్ కథ జరిగింది. యూజీన్ క్రిస్టోఫ్. పిరెనీస్ కొండల్లో టూర్మలే అని ఒక పెద్ద కనుమ, 2115 మీటర్ల ఎత్తు, అది ఎక్కి దిగుతున్నాడు, సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు విరిగిపోయింది. మన వీధి చివర షాపులో అయితే అరగంటలో మార్చేస్తాడు కదా. అప్పటి రూలు ఏంటంటే ఎవరి సాయం తీసుకోకూడదు, నీ బండి నువ్వే బాగు చేసుకోవాలి. సైకిల్ భుజాన వేసుకుని కొండ దిగి నడిచాడు, పది కిలోమీటర్లకి పైనే, కింద ఊళ్ళో కమ్మరి కొలిమి ఉంటే అక్కడికి. కమ్మరి పక్కన నిలబడి చెప్తాడు గానీ చెయ్యి వెయ్యకూడదు. ఇతనే ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి, ఫోర్కు అతికించుకున్నాడు. రేసు అధికార్లు ఎదురుగా నిలబడి చూస్తున్నారు, ఏమైనా తప్పు చేస్తాడేమో అని. రెండు చేతులూ ఇనుము మీద ఉంటే తిత్తి ఎవరు ఊదుతారు? అక్కడ ఒక కుర్రాడు ఉంటే వాడు కాసేపు తిత్తి ఊదాడు. దానికి పెనాల్టీ వేశారు! నిమిషాల్లో పెనాల్టీ. అప్పటికే నాలుగు గంటలు పోయినవాడికి.

అధికార్లు రాక్షసులు అనిపిస్తుంది కదా. నాకు మాత్రం మా పాత హెడ్ క్లర్కు గుర్తొస్తాడు. ఆయన కూడా అంతే, కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టి రూపాయి వెతికించేవాడు, తిట్టుకునేవాళ్ళం. ఆయన రిటైరైన రోజు అందరం ఏడ్చాం.

క్రిస్టోఫ్ అయిపోలేదు ఇంకా. 1919, యుద్ధం అయ్యాక మొదటి టూర్. ముందున్నవాడు ఎవరో రోడ్డు మీద జనానికి తెలియట్లేదని రేసు మధ్యలో పసుపు చొక్కా కనిపెట్టారు. పసుపే ఎందుకంటే ఆ లోటో పేపరు పసుపు కాగితం మీద అచ్చయ్యేది, అందుకు. లోకంలో మొట్టమొదట ఆ చొక్కా వేసుకున్నది ఎవరు? ఈ క్రిస్టోఫే. ఇంకేం గెలిచేస్తాడు అనుకున్నారు, చివర్లో మళ్ళీ ఫోర్కు విరిగింది. మళ్ళీ! మళ్ళీ చొక్కా పోయింది. అతను టూర్ ఎప్పటికీ గెలవలేదు.

మిగతా చొక్కాలు గబగబా చెప్పేస్తా. ఆకుపచ్చ, రోజువారీ ముగింపుల్లో పాయింట్లు ఎక్కువున్నవాడికి. తెలుపు మీద ఎర్ర చుక్కలు, కొండలు ముందెక్కినవాడికి. తెల్లది, కుర్రాళ్ళలో ముందున్నవాడికి. చాలు.

బాబూ ఆ స్టాండు ఫ్యాను కొంచెం అటు తిప్పు నాయనా, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆఁ. మంచిదే అయింది, గాలి గురించే చెప్పబోతున్నాను.

ఇప్పటిదాకా చెప్పింది టైము పుస్తకం. దాని కింద ఇంకో పుస్తకం ఉంది, అది టీవీలో కనపడదు. ఒంట్లో ఉన్న శక్తి పుస్తకం. అసలు రేసు అక్కడ నడుస్తుంది.

నేను మంగళగిరి నుంచి బెజవాడ బ్రాంచికి ఆరేళ్ళు సైకిల్ మీదే వచ్చాను. నల్ల సైకిలు, చైన్ కవరు, వెనక క్యారేజీ, హ్యాండిల్‌కి టిఫిన్ బాక్సు. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు బ్యారేజీ మీద గాలి ఎలా ఉంటుందో ఇక్కడ సగం మందికి తెలుసు. ఒకరోజు బ్యారేజీ దాటి సీతానగరం దగ్గర ఎదురుగాలిలో మొత్తుకుంటూ తొక్కుతుంటే వరిగడ్డి వేసుకెళ్ళే ట్రాక్టరొకటి నన్ను దాటి ముందు పడింది. ఏం ఆలోచించకుండా దాని వెనకాల చేరాను. అంతే, గాలి ఆగిపోయింది! కళ్ళల్లో గడ్డిపోచలు పడుతున్నాయి గానీ కాళ్ళు తేలిపోతున్నాయి, మంగళగిరి ఎప్పుడొచ్చిందో తెలీలేదు. ఇంటికెళ్ళి మా నాన్నతో చెప్తే చెవి మెలేశాడు, ట్రాక్టరు బ్రేకు వేస్తే ఏమవుతావురా అని. నిజమే, మీరెవరూ చెయ్యకండి, పిల్లలూ వింటున్నారా.

కానీ ఆ రోజు నాకు అర్థమైందే ఈ రేసుకి గుండెకాయ. మైదానంలో సైకిలు తొక్కేవాడు పోట్లాడేది రోడ్డుతో కాదు, గాలితో. స్పీడు రెట్టింపయితే గాలి నాలుగింతలు వెనక్కి తోస్తుంది. వాళ్ళ సగటు గంటకి 40 కిలోమీటర్లు దాటుతోంది, కొండలతో సహా కలిపి! మైదానంలో అయితే 45, 50. ఆ స్పీడులో ముందువాడి చక్రానికి జానెడు దూరంలో నీ చక్రం పెట్టుకుని తొక్కితే ఇంచుమించు మూడో వంతు కష్టం తగ్గుతుంది. గుంపు నడిమధ్యలో అయితే ఇంకా తక్కువ. అంటే ఏంటి? ముందు తొక్కేవాడు తన ఖాతాలోంచి డబ్బు తీసి వెనకవాడి ఖాతాలో వేస్తున్నాడు. ప్రతి నిమిషం.

పక్కగాలి వస్తే ఇంకా తమాషా. ముందువాడి సూటిగా వెనకాల కాదు, కాస్త పక్కకి ఉంటే గాలి తగలదు. వాడి పక్కన ఇంకోడు, వాడి పక్కన ఇంకోడు, అలా రోడ్డుకి అడ్డంగా ఏటవాలు వరస కడతారు. రోడ్డు వెడల్పు ఎంత? పది పన్నెండు మంది పడతారు. పదమూడోవాడికి చోటు లేదు, వాడు రోడ్డు అంచున గాలిలో పడి విడిపోతాడు. చదును రోడ్డు మీద, కొండ లేదు ఏం లేదు, పది నిమిషాల్లో రేసు ముక్కలైపోతుంది. బ్యారేజీ మీద వచ్చే ఆదివారం మనం ట్రై చెయ్యకూడదు గానీ, ఆటోవాళ్ళు చంపేస్తారు.

ఇప్పుడు జట్టు ఎందుకో మీకే తెలిసిపోయుండాలి. ఒక్కో జట్టుకి 8 మంది, 22 జట్లో 23 జట్లో ఉంటాయి. ఎనిమిదిలో గెలవాల్సినవాడు ఒకడు. మిగతా ఏడుగురు ఎందుకున్నారు? గాలి మోయడానికి. నీళ్ళు మోయడానికి కూడా. వెనకాల జట్టు కారు వస్తుంది, దాని దగ్గరికి వెనక్కి వెళ్ళి, చొక్కా లోపల ముందూ వెనకా సీసాలు కుక్కుకుని మళ్ళీ గుంపుని అందుకుని అందరికీ పంచుతారు. వాళ్ళని ఫ్రెంచిలో డొమెస్టిక్ అంటారు, అంటే పనివాడు అని, మన మాటలో పాలేరు అనుకోండి. మొదట్లో ఇది తిట్టు, డెగ్రాంజే ఒక రైడర్ని ఎగతాళి చేస్తూ రాశాడు, వేరేవాడి కోసం తొక్కుతావా పాలేరు వెధవా అన్నట్టు. ఇప్పుడది ఉద్యోగం పేరు. మంచి జీతం కూడా. గెలిచినవాడికి వచ్చే 5 లక్షల యూరోలు కూడా అతను ఇంటికి పట్టుకెళ్ళడు, జట్టులో పంచేయడం ఆనవాయితీ. మరి ఆ డబ్బు వాళ్ళదే కదండీ, వాళ్ళ ఖాతాల్లోంచి వచ్చిందే కదా.

రెనే వియెట్టో అని ఒక కుర్రాడు, 1934. ఇరవయ్యేళ్ళు. కొండలెక్కడంలో పులి. జట్టు నాయకుడు ఆంటొనిన్ మాన్య, పసుపు చొక్కా అతనిది. కొండ దిగుతుంటే మాన్య పడిపోయి చక్రం పాడైంది. వియెట్టో తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చేశాడు, మాన్య వెళ్ళిపోయాడు. ఇతను రోడ్డు పక్కన రాతి గోడ మీద కూర్చుని, సాయం బండి వచ్చేదాకా, చక్రం లేని సైకిలు పక్కన పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ ఫొటో చాలా ఫేమస్, ఇంటికెళ్ళాక చూడండి. ఇక్కడితో అయిపోతే బాగుండును, మర్నాడు మళ్ళీ మాన్య సైకిలు పాడైంది. ఈసారి వియెట్టో ముందున్నాడు, విషయం తెలిసి వెనక్కి తిరిగి, దిగిన కొండే మళ్ళీ ఎక్కి, మొత్తం సైకిలే ఇచ్చేశాడు. మాన్య టూర్ గెలిచాడు. వియెట్టో అయిదో స్థానం. తర్వాత చాలా ఏళ్ళు తొక్కాడు గానీ టూర్ మాత్రం గెలవలేదు.

దీన్ని త్యాగం అనీ స్నేహం అనీ చెప్పేవాళ్ళు ఉన్నారు, నాకు అది పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. వాడు ఏడ్చాడండీ. ఇష్టంగా ఇచ్చినవాడు ఏడవడు కదా. ఉద్యోగం, ఇవ్వాలి కాబట్టి ఇచ్చాడు, ఇచ్చి ఏడ్చాడు. నాకు ఆ ఏడుపే నచ్చింది.

తిండి గురించి అడుగుతారని తెలుసు, మన గ్రూపులో రేసు కన్నా టిఫిన్ మీద ధ్యాస ఎక్కువ. కొండలున్న రోజున ఒక్కొక్కడు అయిదు వేల కేలరీలు పైన ఖర్చు పెడతాడు. గంటకి 90 నుంచి 120 గ్రాముల కార్బోహైడ్రేట్లు లోపలికి పోవాలి, సైకిలు మీద ఉండగానే. మన డాక్టర్లు అన్నం మానెయ్యమంటారు కదా, వాళ్ళు పొద్దున్నే అన్నం తింటారు! జేబులో కూడా అన్నమే, మెత్తగా వండి, పంచదారో తీపి చీజో కలిపి, ముక్కలు కోసి రేకులో చుట్టిస్తారు, తొక్కుతూ విప్పుకుని తింటారు. ఇది విని మా ఆవిడ "అయితే అది చక్కెర పొంగలి అన్నమాట" అంది. అంతే మరి. తినడం మరిచిపోతే ఏమవుతుందంటే, ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్మి, కాళ్ళు మనవి కావు అన్నట్టు అయిపోతుంది, పది నిమిషాల్లో అయిదు నిమిషాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఖాతాలో సొమ్ము లేకుండా చెక్కు రాస్తే ఏమవుతుంది? బౌన్సు.

కొండ మీద గాలి పుస్తకం మూసేస్తారు. స్పీడు తగ్గితే గాలి సాయం తక్కువ, అక్కడ నీ బరువు, నీ కాళ్ళు, అంతే. ఆల్ప్ ద్యుయెజ్ అని ఒక కొండ, 21 మలుపులు, 13.8 కిలోమీటర్లు, వంద మీటర్లు పోతే ఎనిమిది మీటర్లు పైకి. తిరుమల ఘాట్ రోడ్డు సైకిల్ మీద ఎక్కినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీరా? నిజంగా? అయితే మీకు చెప్పక్కర్లేదు, మధ్యలో దిగారా? ఆఁ, నిజం చెప్పారు. ఈ కొండల కోసమే పాలేర్లు నాలుగు గంటలు గాలి మోసి దాచిపెడతారు, ఆ దాచిన సొమ్ము మొత్తం నలభై నిమిషాల్లో ఖర్చు.

ఏమ్మా? ఆడవాళ్ళకి లేదా అంటున్నారు. ఉంది. 1980ల్లో కొన్నాళ్ళు నడిపి ఆపేశారు, ఆ తర్వాత వేరే పేర్లతో వచ్చాయి పోయాయి, 2022 నుంచి మళ్ళీ గట్టిగా నడుస్తోంది. నన్నడిగితే ఈమధ్య వచ్చిన అన్నిట్లోకీ మంచి టూర్ 2024 ఆడవాళ్ళదే. డెమి వోలెరింగ్, నెదర్లాండ్స్ అమ్మాయి, పసుపు చొక్కా ఆవిడదే, అయిదో స్టేజీలో చివర్లో పడిపోయింది. ఎక్కడ పడింది? ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ 3 కిలోమీటర్ల గీత ఇంకా రాకముందే! రెండు నిమిషాలకి కాస్త తక్కువ పోయింది. చివరి రోజు ఆల్ప్ ద్యుయెజ్ మీద ముగింపు. వోలెరింగ్ ఆ రోజు స్టేజీ గెలిచింది, గీత దగ్గర నిలబడి గడియారం చూస్తోంది. వెనకాల పోలండ్ అమ్మాయి కాషా నియెవ్యాదోమా పళ్ళు బిగించి తొక్కుకుంటూ వచ్చింది, పసుపు చొక్కా ఆ రోజుకి ఈవిడ మీదుంది. లెక్క చూస్తే 4 సెకన్లు. కాషాకి టూర్. ఎనిమిది స్టేజీల రేసులో నాలుగు సెకన్లు! ఇప్పుడు చెప్పండి, కొండ మీద పోయిందా టూర్? ఆ రోజు పడిన చోట పోయింది.

మగవాళ్ళలో అంత దగ్గరిది 1989. ఇందాక తక్కువ తేడా అంటే చెప్తానన్నాను కదా. గ్రెగ్ లెమాండ్, అమెరికా. 1986లో గెలిచాడు, మర్నాటి ఏడాది వేటకెళ్తే బావమరిది తుపాకీ పొరపాటున పేలి, ఒళ్ళంతా గుండ్లు, కొన్ని తీయలేక లోపలే వదిలేశారు. మా బావమరిది కబుర్లు మాత్రమే పేలుస్తాడు, నయం. రెండేళ్ళకి తిరిగొచ్చాడు. ఎదుట లోరాన్ ఫిన్యోన్, ఫ్రాన్స్ వాడు, రెండుసార్లు గెలిచినవాడు, కళ్ళద్దాలు, పిలక జుట్టు. చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరే గడియారంతో పోటీ. ఫిన్యోన్ 50 సెకన్లు ముందున్నాడు. 24 కిలోమీటర్లలో 50 సెకన్లు తీసేయడం కుదరదు అన్నారందరూ, పేపర్లవాళ్ళు ఫిన్యోన్ గెలిచినట్టే రాసి పెట్టుకున్నారట. లెమాండ్ హ్యాండిల్ మీద రెండు కొమ్ముల్లాంటివి బిగించాడు, మోచేతులు ఆన్చి గాలికి ఒదిగి కూర్చోవడానికి, నెత్తిన మొన దేలిన హెల్మెట్. ఫిన్యోన్‌కి అవేం లేవు, పిలక గాలికి ఎగురుతోంది, పైగా సీటు పుండు వల్ల సరిగ్గా కూర్చోలేని పరిస్థితి. లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో వచ్చేశాడు. ఫిన్యోన్‌కి అంతకన్నా 58 సెకన్లు ఎక్కువ పట్టింది. 58లోంచి 50 తీసేయండి.

ఎనిమిది. 87 గంటల 38 నిమిషాలు తొక్కితే ఎనిమిది సెకన్లు. నేను కూర్చుని లెక్క వేశాను, లక్ష రూపాయలకి రెండున్నర రూపాయలు! మా హెడ్ క్లర్కు ఉంటే ఆ రెండున్నర ఎక్కడ పోయిందో వెతకమనేవాడు. ఫిన్యోన్ కూడా వెతుక్కునే ఉంటాడు పాపం, మూడు వారాల్లో ఏ మలుపులో బ్రేకు ఎక్కువ పట్టానూ అని.

దొంగ పద్దులు కూడా చెప్పాలి, లేకపోతే నేను ఆడిటింగ్ చేసినట్టు కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్, 1999 నుంచి 2005 దాకా వరసగా 7 టూర్లు. రక్తంలో ఎర్ర కణాలు పెంచే మందు, ఇంకా నానా రకాలు. 2012లో ఏడూ పీకేశారు. తమాషా ఏంటంటే ఆ ఏడు టూర్లకి రెండోవాడికి ఇవ్వలేదు, ఎవరికీ ఇవ్వలేదు. రికార్డుల్లో ఆ ఏడు వరసలు ఖాళీ. 1904లో అయిదోవాడికి ఇచ్చారు, ఇక్కడ ఎన్నోవాడి దాకా వెళ్ళాలో తెలియక వదిలేశారనుకుంటా నేను. నాకు కొట్టేసిన పద్దు కన్నా ఖాళీ పద్దు చూస్తేనే సిగ్గుగా ఉంటుంది.

టైమెంతయింది? ఇంకో అయిదు నిమిషాలు. టీ వచ్చినట్టుంది, వాసన తెలుస్తోంది.

పుస్తకంలో మొదటి పేరు అందరూ చదువుతారు, ఆఖరి పేరు సంగతి చెప్పి దిగిపోతాను. టూర్లో ఆఖరివాణ్ణి ఎర్రలాంతరు అంటారు. మన జంక్షన్లో రాత్రి నిలబడితే కనపడేది కదా, రైలు వెళ్ళిపోతుంటే ఆఖరి పెట్టె వెనకాల ఎర్రదీపం, అదే. రోజూ గెలిచినవాడి టైముకి ఇంత శాతం లోపల రావాలి, లేకపోతే ఇంటికే. స్పీడు తొక్కేవాళ్ళు, బరువైనవాళ్ళు కొండల రోజున ఎక్కలేక వెనకాల ఒక గుంపు కట్టుకుని, ఒకళ్ళకొకళ్ళు గాలి మోసుకుంటూ, గడియారం చూసుకుంటూ, సరిగ్గా ఆ టైములోపల వచ్చేలా లెక్క వేసుకుని వస్తారు. అక్కడ జట్లు లేవు, శత్రువులు లేరు. అందరికన్నా వెనకాల ఒక వ్యాను వస్తుంది, చీపురు వ్యాను అంటారు, మానేసినవాళ్ళని ఊడ్చుకుపోవడానికి.

ఈ ఆఖరి స్థానానికి ఒకప్పుడు గిరాకీ ఉండేది. జనానికి పేరు గుర్తుండేది కదా, టూర్ అయ్యాక ఊళ్ళల్లో జరిగే రేసులకి డబ్బులిచ్చి పిలిచేవాళ్ళు. నూటయాభయ్యోవాడు అయితే ఎవడు పిలుస్తాడు? 1979లో ఇద్దరు దీనికోసం పోటీ పడ్డారు. ఆస్ట్రియా అతను షోన్‌బాఖర్, ఫ్రాన్స్ అతను టెస్నియేర్, ఈ టెస్నియేర్ అంతకుముందు ఏడాది కూడా ఆఖరే. ఇద్దరూ నువ్వు ముందు, కాదు నువ్వు ముందు, అని. చివర్లో ఒక టైం ట్రయల్, అదే ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడేది, వచ్చింది. ఎంత మెల్లగా తొక్కాలో ఇద్దరూ లెక్క వేశారు. టెస్నియేర్ లెక్క తప్పింది, మరీ మెల్లగా తొక్కి టైము దాటిపోయి రేసులోంచే పోయాడు. ఆఖరివాడు కావాలని తొక్కి ఆఖరివాడు కూడా కాలేకపోయాడు! షోన్‌బాఖర్ పారిస్‌లో గీత దగ్గర సైకిలు దిగి, నడిచి, రోడ్డుకి ముద్దు పెట్టాడట.

సరే. వచ్చే ఆదివారం పొద్దున్న అయిదున్నరకి బ్యారేజీ ఈ చివర కలుద్దాం, మంగళగిరి దాకా. ముందు ఒక్కొక్కళ్ళు రెండు నిమిషాలు తొక్కి పక్కకి తప్పుకుని వెనక్కి రండి, తర్వాతవాళ్ళు ముందుకి, ఎవరి ఖాతా ఖాళీ అవ్వకుండా. గుంటలు కనపడితే చెయ్యి ఊపి వెనకవాళ్ళకి చూపించండి. హెల్మెట్ లేకుండా వచ్చినవాళ్ళని వెనక్కి పంపించేస్తాను. నా కోసం ఆగద్దు, నేను మెల్లగా ఆఖర్న వస్తాను, ఇడ్లీలు మాత్రం ఒక ప్లేటు ఉంచండి.